లాగే పంపు, నెట్టే పంపు

అమెరికాలో 1967-72 మధ్య తయారైన షెవర్లే సి10 పికప్ ట్రక్కులను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది కార్బురేటర్‌తో (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే పరికరం) నడిచే పాత ఇంజిన్ దించేసి, 1999 తర్వాతి సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇంజిన్ ఎక్కిస్తారు. అందరి దృష్టీ వైరింగ్ మీద, ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు బిగించే మౌంట్ల మీద ఉంటుంది. నన్నడిగితే ఈ పనిలో నేర్చుకోవాల్సింది ఎక్కువగా పెట్రోల్ పైపుల దగ్గరే ఉంది.

పాత ఇంజిన్‌లో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ఇంజిన్ వాల్వులను ఆడించే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్ట్, తిరిగే కొద్దీ పంపు లోపలి డయాఫ్రమ్ అనే సాగే పొర ఆడుతూ ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. అది కార్బురేటర్‌కు ఇచ్చే ఒత్తిడి సుమారు 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). నీళ్లతో పోలిస్తే, నాలుగు మీటర్ల ఎత్తున్న ట్యాంకు కింద కుళాయి తిప్పినంత. కొత్త ఇంజిన్‌లో కార్బురేటర్ బదులు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లుంటాయి, వాటికి 58 పీఎస్ఐ కావాలి. అంటే ఆ నీళ్ల ట్యాంకు 40 మీటర్ల పైన, పన్నెండు పదమూడు అంతస్తుల మేడ మీద ఉండాలి. ఇంజెక్టర్ తెరుచుకునేది కొన్ని మిల్లీసెకన్లే. ఆ కాస్త సమయంలో సన్నటి రంధ్రాల గుండా పెట్రోల్ మంచు తుంపరలా చిమ్మాలంటే అంత ఒత్తిడి లేకుండా కుదరదు.

ఒత్తిడి ఒక్కటే కాదు, పంపు ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. గట్టు మీద పెట్టిన మోటారు పది మీటర్ల లోతుకు మించి నీళ్లు పీల్చలేదని బావి ఉన్న రైతుకు తెలుసు. పీల్చినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది, ఒత్తిడి తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. పెట్రోల్‌లోని తేలికైన భాగాలు మామూలుగానే 40 డిగ్రీల దగ్గర ఆవిరవడం మొదలవుతాయి. ఇక వేడెక్కిన ఇంజిన్ పక్కన చెప్పేదేముంది! పైపు నిండా ఆవిరి చేరి బండి ఆగిపోతుంది. మన అంబాసిడర్ డ్రైవర్లు ఎండాకాలంలో పంపు మీద తడిగుడ్డ చుట్టింది ఇందుకే.

పెట్రోల్‌ను ట్యాంకు దగ్గర నుంచే నెడితే ఈ బాధ చాలావరకు పోతుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ అంత తేలిగ్గా మరగదు. అందుకే కొత్త బళ్లలో పంపు ట్యాంకులోనే, బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారులా మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది.

కానీ సి10 పాత ట్యాంకు దీనికోసం చేసింది కాదు. అది క్యాబిన్‌లో, సీటు వెనకే ఉంటుంది. లోపల పెట్రోల్ ఊగకుండా ఆపే అడ్డుగోడలు లేని ట్యాంకైతే, మలుపులో పెట్రోల్ అంతా ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటర్‌కు దాని గిన్నెలో కాస్త నిల్వ ఉండేది కాబట్టి ఆ క్షణం గడిచిపోయేది. ఇంజెక్టర్లకు ఆ నిల్వ లేదు, ఇంజిన్ వెంటనే తడబడుతుంది. అందుకే చాలామంది ట్యాంకునే మార్చి, ఫ్రేమ్ కింద వెనకవైపు పెడతారు. ఇంత ఒత్తిడి ఉన్న పైపులు మనుషులు కూర్చునే చోట ఉండకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

పంపు ఎప్పుడూ ఇంజిన్ తాగేదానికన్నా ఎక్కువే తోడుతుంది. మిగిలింది వెనక్కి వెళ్లడానికి ఇంకో పైపు కావాలి. 1999-2003 కొర్వెట్ కారు ఫిల్టర్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఒత్తిడిని 58 దగ్గర నిలబెట్టే రెగ్యులేటర్ దాని లోపలే ఉంది. ఒక చివర రెండు మూతులు: పంపు నుంచి వచ్చేది, ట్యాంకుకు తిరిగి పోయేది. రెండో చివర ఇంజిన్‌కు వెళ్లేది ఒక్కటే. దీన్ని ట్యాంకు దగ్గరే బిగిస్తే రిటర్న్ పైపు మూరెడు చాలు. పైగా పెట్రోల్ ఇంజిన్ దాకా వెళ్లి వేడెక్కి ట్యాంకుకు తిరిగి రాదు.

రబ్బరు హోస్ విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. హోస్ మీద దాని రకం గుర్తు ఉంటుంది. కార్బురేటర్ బళ్లకు వాడే 30ఆర్7 రకం 50 పీఎస్ఐ వరకే. ఇంజెక్షన్‌కు 30ఆర్9 కావాలి, అది 100 దాకా తట్టుకుంటుంది. అదే హోస్‌ను ట్యాంకు లోపల పంపుకు తొడగకూడదు. దాని పై పొర పెట్రోల్‌లో నానడానికి చేసింది కాదు, మెత్తబడి చీలుతుంది. మునిగి ఉండేచోట 30ఆర్10 రకమే వాడాలి. లోహపు జాయింట్లలో ఇంకో తిరకాసుంది. ఏఎన్ (ఆర్మీ-నేవీ ప్రమాణం) ఫిట్టింగుల అంచు 37 డిగ్రీల వాలు, మామూలు బండి పైపుల అంచు 45 డిగ్రీలు. ఈ రెండూ కలిపి బిగిస్తే సరిపోయినట్టే అనిపిస్తుంది, కానీ సన్నటి గీత మీదే ఆనుతాయి. ఎంత బిగించినా చెమర్చడం ఆగదు.

అన్నీ బిగించాక వెంటనే స్టార్ట్ చేయొద్దు. తాళం తిప్పితే కంప్యూటర్ పంపును రెండు సెకన్లు నడిపి ఆపేస్తుంది. అలా నాలుగైదుసార్లు తిప్పి, పైపుల్లో ఒత్తిడి నిండాక, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని ఒక్కో జాయింటు కింద పొడి కాగితం పెట్టి చూడాలి. కాగితం తడిస్తే మళ్లీ విప్పాల్సిందే.