మార్కా మనదే, కాగితం ఎవరిది?

ఒడిశాలోని బరంపురం అప్పడం ఆంధ్రలోని ఇచ్ఛాపురం దుకాణానికి చేరడానికి పెద్ద సమయం పట్టదు. దాని మార్కాను రిజిస్టర్ చేయాలంటే మాత్రం బరంపురం వ్యాపారి దరఖాస్తు కోల్‌కతా ట్రేడ్‌మార్క్ కార్యాలయం కిందికి, ఇచ్ఛాపురం వ్యాపారిది చెన్నై కిందికి వెళ్తాయి. అటు మహారాష్ట్రలోని సిరొంచలో ఉంటే ముంబయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయవచ్చు, రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది కనుక ఇదేమంత చిక్కు కాదు. అసలు చిక్కు ఆ మార్కా ఎవరిదన్న దగ్గర వస్తుంది.

1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాను చీల్చి చాలా భాగాన్ని ఒడిశాలో కలిపే నాటికి దేశంలో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ చట్టమే లేదు. 1889 నాటి చట్టం దొంగ మార్కాలు వేసేవారిని శిక్షించేదే తప్ప, యజమాని ఎవరో నమోదు చేసేది కాదు. ముందుచూపున్న వ్యాపారులు ‘ఈ గుర్తు మాది’ అని ప్రకటన పత్రం రాసి, దస్తావేజుల కార్యాలయంలో నమోదు చేయించుకునేవారు. 1940లో చట్టం వచ్చింది, 1958లో మారింది. ఇప్పుడున్నది 1999 నాటిది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చట్టంలోని 34వ సెక్షను. రిజిస్ట్రేషన్ ఉన్నవాడు ఆ మార్కాను వాడకముందు నుంచీ, రిజిస్టర్ చేయకముందు నుంచీ దాన్ని ఆగకుండా వాడుతున్నవారిని అతడు అడ్డుకోలేడు. అయితే వాడుతున్నామని నిరూపించుకోవాలి. దానికి పాత బిల్లులు, లేబుళ్లు, ప్రకటనలు కావాలి. మన ఇళ్లలో అవి సాధారణంగా అటక మీద చెదలకు అప్పగించి ఉంటాయి.

ఊరుకోవడం కూడా నష్టమే. అమృతధార మందు యజమానులు లక్ష్మణధార పేరును అభ్యంతరపెట్టిన కేసులో, పేర్లు పొరపాటు పడేంత దగ్గరగా ఉన్నాయని 1962లో సుప్రీంకోర్టు అంగీకరించింది. కానీ ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నందుకు, లక్ష్మణధార రిజిస్ట్రేషన్‌ను ఉత్తరప్రదేశ్ వరకు నిలబెట్టింది. ఇప్పుడు కొత్త దరఖాస్తు ట్రేడ్‌మార్క్ పత్రికలో ప్రకటితమయ్యాక అభ్యంతరానికి నాలుగు నెలలే గడువు. ఆ పత్రిక మన బజారులో ఎంతమంది తిరగేస్తారో నాకైతే అనుమానమే.

బరంపురం పట్టుకు దక్కిన భౌగోళిక గుర్తింపు వేరు. అది ఏ ఒక్క దుకాణానిదీ కాదు, ఆ ప్రాంత నేతగాళ్లందరిదీ.

లేబుల్ మీద తెలుగో ఒడియానో ఉంటే దరఖాస్తులో ఆ మాట ఉచ్చారణ, అర్థం ఆంగ్లంలోనో హిందీలోనో రాయాలి. రిజిస్ట్రేషన్ పదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో సరుకుల తరగతికి 4,500 రూపాయలు.

ఇంతకన్నా కష్టమైన తగవు ఇంట్లో పుడుతుంది. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పంపకాల పత్రంలో ఇత్తడి బిందెల లెక్క సైతం రాస్తారు. ఊరగాయ సీసా మీది తాతగారి పేరు ఎవరికన్నది మాత్రం రాయరు. ఏడాది తిరగకుండానే ఇద్దరి సీసాలూ ఒకే సంతలో, ఒకే తాతగారి బొమ్మతో కనిపిస్తాయి.