ఎండకు చూపు మసకబారితే ఎంఎస్ తిరగబెట్టినట్టేనా?

విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లో ఒక విచిత్రం గమనించి రాశాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉన్న కొందరు గదిలో కాసేపు గట్టిగా నడిస్తే చాలు, చూపు మసకబారుతోంది. కూర్చుంటే మళ్లీ మామూలైపోతోంది. శ్రమ వల్లే ఇలా అవుతోందని ఆయన అనుకున్నాడు. అసలు కారణం ఒళ్లు వేడెక్కడమని చాలా కాలం తర్వాత గానీ తేలలేదు.

ఈ జబ్బులో రోగనిరోధక శక్తి మన నరాల మీదున్న మయలిన్ పొరనే దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీద తొడుగు ఊడిపోయినట్టన్నమాట. పొర పోయిన చోట సంకేతం అతికష్టం మీద దాటుతుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా కొందరిలో అదీ ఆగిపోతుంది, ఎందుకంటే వేడికి నరంలో సంకేతాన్ని నడిపించే సోడియం ద్వారాలు తొందరగా మూసుకుపోతాయి. ఎంఆర్ఐ రాకముందు డాక్టర్లు దీన్నే పరీక్షగా వాడుకున్నారు. మనిషిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, చూపు తగ్గుతోందా, కాళ్లు పట్టు తప్పుతున్నాయా అని పక్కనే నిలబడి చూసేవారు. తలచుకుంటే ఒళ్లు జలదరించే పద్ధతే.

మన మే నెల ఎండలకు ఆ తొట్టి అక్కర్లేదు. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, కాళ్లు బరువెక్కుతాయి. జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదికీ టెన్షన్. చల్లటి గదిలో కూర్చున్నాక తగ్గిపోతే అది కొత్త దెబ్బ కాదు, పాత దెబ్బే వేడికి బయటపడింది. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా లక్షణాలు 24 గంటలు దాటి ఉంటేనే డాక్టర్లు దాన్ని రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టడం, అంటారు. జ్వరం సంగతి మరీ ముఖ్యం. ఎంఎస్ ఉన్నవారిలో మూత్రంలో ఇన్ఫెక్షన్ మామూలే. దానివల్ల వచ్చిన నీరసాన్ని రిలాప్స్ అనుకుని, దానికిచ్చే స్టెరాయిడ్ ఎక్కిస్తే ఇన్ఫెక్షన్ ముదరొచ్చు.

మరి నిజమైన రిలాప్స్‌లకు రుతువుతో పని లేదా? ఉంది, కానీ అది అంత సూటిగా లేదు. 30 వేలకు పైగా రిలాప్స్‌లను పరిశీలించిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 2014లో వచ్చింది. ఉత్తరార్ధగోళంలోనైనా దక్షిణార్ధగోళంలోనైనా అవి వసంతం మొదట్లో పెరిగి, శరత్కాలంలో తగ్గాయి. చలికాలంలో ఎండ తగ్గి, దాంతోపాటు డి విటమిన్ తగ్గి, ఆ ప్రభావం కొన్ని నెలలకు బయటపడుతోందని ఒక ఊహ. 2015లో అర్జెంటీనా పరిశోధకులు ఇంకో దారి చూపించారు. రాత్రులు పొడవైన కాలంలో మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది, అప్పుడు రిలాప్స్‌లు తక్కువని. ఈ రెంటికీ నాకైతే పొత్తు కుదరడం లేదు. చలికాలపు జలుబులూ రిలాప్స్‌లను రేపుతాయి కాబట్టి, ఒక్క కారణాన్ని పట్టుకుంటే లాభం లేదు.

డి విటమిన్ మాత్రల లెక్కా తేలలేదు. అమెరికాలో 2023లో వెలువడిన ప్రయోగంలో పెద్ద మోతాదు రిలాప్స్‌లను తగ్గించలేదు. 2025లో ఫ్రాన్స్ ప్రయోగంలో మాత్రం జబ్బు తొలిదశలో ఉన్నవారికి కొంత మేలు కనిపించింది. ఇంత ఎండలోనూ మనవాళ్లలో డి విటమిన్ లోపం ఎక్కువే, పరీక్ష చేయించుకుని లోపం ఉంటే సరిచేసుకోవాల్సిందే. కానీ ఎవరో చెప్పారని 60 వేల యూనిట్ల మాత్రలు నెలల తరబడి సొంతంగా మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికొస్తుంది.