డిమెన్షియా ఉన్నవాళ్లకి చావు కబురు: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్న పెద్దవాళ్లని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నేను నర్సుని. ఇంట్లో ఎవరైనా పోతే పిల్లల దగ్గర్నుంచి వచ్చే ఫోన్ దాదాపు ఒకేలా ఉంటుంది: "సిస్టర్, నాన్నగారు పోయారు. అమ్మకి మాత్రం చెప్పకండి."

అపోహ: ఎలాగూ గుర్తుండదు, చెప్పకపోతే ఏమవుతుంది?

డిమెన్షియాలో ఎక్కువమందికి ఉండేది అల్జీమర్స్ జబ్బు. అది మెదడులో ముందుగా దెబ్బతీసేవాటిలో, కొత్త జ్ఞాపకాలు నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగం ఒకటి. కొత్త సంగతులు నిలవనిది అందుకే. సంగతి జారిపోయినా దిగులు అంత త్వరగా పోదు. అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించిన అధ్యయనంలో అల్జీమర్స్ ఉన్నవాళ్లకి ఏడిపించే సినిమా ముక్కలు చూపించారు. ఏం చూశారో పెద్దగా గుర్తులేకపోయినా, ఆ దిగులు మాత్రం వాళ్లలో ఉండిపోయింది.

పైగా వారం వారం వచ్చే మనిషి రావట్లేదు, వీడియో కాల్‌లో కూతురి కళ్లు వాచి ఉన్నాయి. ఇవి అమ్మ కంట పడకుండా ఉంటాయా? "నామీద కోపమొచ్చిందా?" అని కుమిలిపోతారు. అందుకే ఒకసారి చెప్పాలి. బాగా దగ్గరివాళ్లు, మనిషి కాస్త తేటగా ఉండే పొద్దుటి పూట, పక్కన కూర్చుని. "నాన్నగారు చనిపోయారమ్మా" అనే చెప్పాలి. "ఊరెళ్లారు" అంటే ఎప్పుడొస్తారని ఎదురుచూస్తారు.

అపోహ: అడిగిన ప్రతిసారీ నిజమే చెప్పాలి.

ఇది నేనూ నమ్మినదాన్నే. మా దగ్గర ఒక పిన్నిగారు ఉన్నారు. భర్త పోయిన కొత్తలో "మీ బాబాయిగారు వచ్చారా?" అని అడిగేవారు. "పోయారు కదా పిన్నిగారూ" అనేదాన్ని. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేవారు. "నాకెవరూ చెప్పలేదే!" అనేవారు. ఒకరోజు నాలుగుసార్లు చెప్పాను. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. తప్పు నాదే.

తర్వాత గమనిస్తే, ఎక్కువగా అడిగేది సాయంత్రం నాలుగింటికి, కాఫీ వచ్చినప్పుడు. తన కాఫీలో సగం ఇంకో స్టీలు గ్లాసులో పోసి, మూత పెట్టి పక్కన ఉంచేవారు. ఆయన వాటా. ఇప్పుడు పక్కన కూర్చుని "బాబాయిగారికి పంచదార ఎంత వేసేవారు?" అంటాను. "చెంచాడున్నర. షుగరొచ్చినా మానలేదు, మొండిమనిషి" అని నవ్వుతారు, కళ్లొత్తుకుంటారు. ఆ గ్లాసు ఎవరూ తీయకూడదని అందరికీ చెప్పాను. (చల్లారాక మా ఆయా తాగేస్తుంది, అది వేరే సంగతి.)

"వస్తున్నారు, దారిలో ఉన్నారు" అని మాత్రం అనను. అంటే గేటు దగ్గర నిలబడిపోతారు. "పోయారా?" అని సూటిగా అడిగితే చేయి పట్టుకుని అవునంటాను. డ్యూటీ పుస్తకంలో ఇదంతా రాసి పెట్టాం, నైట్‌కి వచ్చే కొత్తమ్మాయి కూడా ఇలాగే మాట్లాడాలని.

అపోహ: ఏడవలేదంటే తెలియనట్టే.

దుఃఖం ఏడుపుగానే రావాలని లేదు. తిండి మానేస్తారు, బట్టలు మూట కడతారు, పొద్దుగూకేసరికి గదులన్నీ వెతుకుతారు. అయితే ఒకటి రెండు రోజుల్లో మనిషి ఉన్నట్టుండి మారిపోతే దాన్ని దుఃఖం ఖాతాలో వేసేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి ఉన్నాయేమో ముందు చూపించండి.

అపోహ: మాత్ర వేస్తే సర్దుకుంటారు.

నిద్రమాత్రలతో పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. యాంటీసైకోటిక్ మందులు (భ్రమలు, ఉద్రేకం తగ్గించడానికి ఇచ్చేవి) డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందుల గురించి, 2008లో పాతవాటి గురించీ హెచ్చరించింది. డాక్టరు రాస్తే ఎందుకు, ఎన్నాళ్లు అని అడగండి. మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఆపకండి.

అపోహ: పెద్దకర్మకి తీసుకెళ్తే రభస అవుతుంది.

తట్టుకోగలిగిన స్థితిలో ఉంటే ఒక గంట తీసుకెళ్లవచ్చు. అలవాటైన ఆయా వెంట ఉండాలి, లేచిపోతానంటే వెంటనే తీసుకురావడానికి బయట కారు ఉండాలి. బొట్టు చెరపడం, గాజులు తీయడం లాంటి తంతు మాత్రం నన్నడిగితే వద్దే వద్దు. మర్నాడు అద్దంలో చూసుకుని "నా బొట్టేది?" అంటే ఏం చెబుతాం? పిన్నిగారి కొడుకు మొదట తటపటాయించి, తర్వాత సరేనన్నాడు. కుంకుమభరిణె ఆవిడ సొరుగులోనే ఉంది. పొద్దున్నే తనే పెట్టుకుంటారు.