అడవి నాభి మందు, తిరిగి పారిన రక్తం

గుండెపోటులో మూసుకుపోయిన ధమనిని యాంజియోప్లాస్టీతో తెరవడం ప్రాణం నిలిపే చికిత్సే, అయినా రక్తం తిరిగి అందడంతోనే గుండె కండరంలో మరికొంత భాగం దెబ్బతింటుంది. రక్తం ఆగినంతసేపు కణాల్లో శక్తి నిల్వలు తరిగి, ఆమ్లత పెరుగుతుంది. ఆక్సిజన్ ఒక్కసారిగా చేరగానే, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో విషతుల్యమైన ఆక్సిజన్ అణువులు పుట్టుకొస్తాయి, కాల్షియం మితిమీరుతుంది, అంతవరకూ ఆమ్లత మూసి ఉంచిన మైటోకాండ్రియా పొర రంధ్రాలు తెరుచుకుని కణం చనిపోతుంది. ఇది తొలి నిమిషాల సంగతి. ఆపై గంటల తరబడి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు అక్కడ గుమిగూడి వాపును పెంచుతాయి.

ఈ రెండో దశను అడ్డుకోవచ్చన్న ఆశతోనే పరిశోధకులు కోల్చిసిన్ వైపు చూశారు. 1820లో ఫ్రాన్స్‌కు చెందిన పెల్లెటియర్, కావెంటూ కోల్చికమ్ మొక్క నుంచి వేరుచేసిన ఈ పదార్థం మన అడవి నాభిలోనూ ఉంది. తమిళనాడు రాష్ట్ర పుష్పమైన ఆ మొక్కను అక్కడి రైతులు విత్తనాల కోసం సాగుచేస్తారు. గౌట్ అనే కీళ్ల జబ్బు నొప్పులకు ఇచ్చే ఈ పాత మందు ట్యుబులిన్ ప్రోటీన్‌కు అతుక్కుని కణాల లోపలి సూక్ష్మనాళికలు పెరగకుండా ఆపుతుంది కనుక, న్యూట్రోఫిల్ కదలిక మందగిస్తుంది. (మందుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ, అడవి నాభి దుంప తిని మరణించినవారున్నారు.)

ఫ్రాన్స్‌లో 192 మంది గుండెపోటు రోగులపై జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, మొదట 2 మిల్లీగ్రాములు, తర్వాత అయిదు రోజులు రోజుకు రెండుసార్లు 0.5 మిల్లీగ్రాము ఇచ్చినా చనిపోయిన కండరం పరిమాణం తగ్గలేదు. పైగా ఎడమ జఠరికలో రక్తపు గడ్డలు మందు తీసుకున్నవారిలోనే ఎక్కువగా కనిపించాయి. మింగిన మాత్ర రక్తంలో తగిన స్థాయికి చేరేలోపే తొలి నిమిషాల నష్టం జరిగిపోతుందన్న వివరణ నాకు సబబుగా తోస్తుంది.

2019లో 4,745 మందిపై వెలువడిన మరో పరీక్షలో రోజుకు 0.5 మిల్లీగ్రాము వాడకం వల్ల గుండె, రక్తనాళాల ఘటనలు 7.1 శాతం నుంచి 5.5కు తగ్గాయన్నది నిజమే. కానీ అక్కడ కొలిచినది మళ్లీ వచ్చే జబ్బును, కండరం గాయాన్ని కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఇచ్చిన ఆమోదం కూడా నివారణకే పరిమితం. ఆ నివారణ ప్రయోజనమైనా 2024లో ఏడు వేలమందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో కనిపించలేదు.