ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 61 మంది

కాలేయంలో తయారైన పైత్యరసాన్ని పేగుల్లోకి చేర్చే గొట్టాలకు వచ్చేది పిత్తనాళ క్యాన్సర్. బయటపడేసరికే చాలామందికి ఆపరేషన్ చేసే దశ దాటిపోతుంది. కామెర్లనగానే పసరు మందుకు పరిగెత్తే మన దగ్గర ఆ ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది. 2010 నుంచి చాలా ఏళ్ళపాటు జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ జోడీ కీమోయే మొదటి వైద్యంగా ఉండేది. దానికీ లొంగకపోతే?

కాలేయం లోపలి నాళాల్లో పుట్టే ఈ క్యాన్సర్లలో సుమారు 13 శాతంలో ఐడీహెచ్1 అనే జన్యువు మారిపోయి ఉంటుంది. దాంతో ఒక ఎంజైమ్ దారితప్పి, కణాన్ని క్యాన్సర్ వైపు నెట్టే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే మాత్రే ఐవోసిడెనిబ్.

దాన్ని పరీక్షించడానికి ఆరు దేశాల్లో కలిపి 187 మంది దొరికారు. 126 మందికి అసలు మాత్ర, 61 మందికి ఉత్తుత్తిది. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. అయితే స్కాన్‌లో కణితి పెరిగిందని తేలితే, ఉత్తుత్తి మాత్ర వాళ్ళు అసలు మందుకు మారొచ్చు. అలా 43 మంది మారారు.

క్యాన్సర్ ముదరకుండా ఆగిన మధ్యస్థ కాలం (సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ) మందుతో 2.7 నెలలు, ఉత్తుత్తి మాత్రతో 1.4. ఇంతేనా అని ఉసూరుమనిపిస్తుంది. కానీ ఆరు నెలలకు కూడా మందు వాడినవాళ్ళలో 32 శాతం మందిలో వ్యాధి ముదరలేదు. రెండో వైపు అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు.

చిక్కంతా ఆయుష్షు లెక్కలో వచ్చింది. మధ్యస్థ ఆయుష్షు మందుతో 10.3 నెలలు, ఉత్తుత్తి మాత్రతో 7.5. ఈ తేడా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేం, ఎందుకంటే ఆ 7.5లో మందుకు మారిన 43 మందీ ఉన్నారు. వాళ్ళు మారకపోయి ఉంటే 5.1 నెలలే ఉండేదని గణాంక నిపుణులు లెక్కగట్టారు. అది అంచనాయే, కొలిచింది కాదు. అయినా మారనివ్వడమే న్యాయమనిపిస్తుంది నాకు. లెక్క శుభ్రంగా తేలాలని కళ్ళముందు ముదురుతున్న రోగికి మందు ఆపుతామా? 2021 ఆగస్టులో అమెరికా ఈ మాత్రకు అనుమతి ఇచ్చింది.

ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే మరో జన్యు లోపానికి వచ్చిన పెమిగాటినిబ్‌ను అసలు పోలిక బృందమే లేకుండా పరీక్షించారు. 107 మందిలో 36 శాతం మందికి కణితి బాగా తగ్గింది. 2020లో షరతులతో అనుమతి వచ్చింది. అదే లోపానికి 2021లో వచ్చిన ఇన్ఫిగ్రాటినిబ్‌కు మాత్రం తర్వాత అనుమతి రద్దయింది. మందు పనిచేయదని తేలి కాదు, కీమోతో పోల్చి నిరూపించాల్సిన ట్రయల్‌కు రోగులను చేర్చుకోవడం కష్టమై కంపెనీయే వదిలేసుకుంది.