కథ చెప్పే మెటల్ ఆల్బమ్: అపోహలు – వాస్తవాలు

నేను డ్రమ్స్ వాయిస్తాను, నేర్పుతాను. ప్రోగ్రెసివ్ మెటల్ (తాళాలు, గతులు తరచూ మార్చుకుంటూ సాగే హెవీ మెటల్ రాక్) మీద ఆసక్తితో వచ్చే పిల్లలకు మొదట వినమని చెప్పేది డ్రీమ్ థియేటర్ బ్యాండ్ చేసిన 'మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. 1999 అక్టోబర్‌లో వచ్చిన ఆల్బమ్ ఇది. రెండు అంకాలు, 9 దృశ్యాలు, 12 ట్రాకులు, సుమారు 77 నిమిషాలు. ఈ సంగీతం గురించి తరచూ నా చెవిన పడే మాటలకు ఈ ఒక్క ఆల్బమ్‌నే ఆధారం చేసుకుని జవాబు చెబుతాను. కథ మొత్తం బయటపెట్టక తప్పదు కాబట్టి, ఇంకా విననివాళ్లు ముందు విని వస్తే మంచిది.

నికొలస్ అనే అతన్ని విక్టోరియా అనే అమ్మాయి కలల్లో వెంటాడుతూ ఉంటుంది. హిప్నాసిస్ చేయించుకుంటే, గత జన్మలో ఆ విక్టోరియా తానేనని, 1928లో హత్యకు గురయ్యానని తెలుస్తుంది. ఆమె ప్రేమ జీవితంలో ఉన్నది ఒకే ఇంటి అన్నదమ్ములు ఇద్దరు, జూలియన్, ఎడ్వర్డ్. పునర్జన్మ సినిమాలు చూస్తూ పెరిగిన మనకు ఇక్కడిదాకా కొత్తేమీ లేదు. కొత్తదనమంతా చెప్పిన తీరులో ఉంది.

అపోహ: కథంతా సాహిత్యంలోనే ఉంటుంది. ఇంగ్లిష్ బాగా అర్థమైతే చాలు.

వాస్తవం: సగం కథ మాటల్లో లేదు. రెండో ట్రాక్ 'ఓవర్చర్ 1928'లో గొంతే వినిపించదు. అందులో గిటార్ ఒక బాణీ వాయిస్తుంది. వెంటనే వచ్చే 'స్ట్రేంజ్ డేజా వూ'లో అదే బాణీ మాటలు తొడుక్కుని వస్తుంది. 'ఇది ఎక్కడో విన్నానే' అని మనకు అనిపిస్తుంది. ఆ క్షణంలో నికొలస్‌కు అనిపిస్తున్నదీ అదే. పాత్ర అనుభవాన్ని వర్ణించి ఊరుకోకుండా వినేవాడి చెవిలోనే పుట్టించారు. నేను ఈ ఆల్బమ్‌ను ఇంతగా ప్రేమించడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

మొదటి ట్రాక్ 'రిగ్రెషన్'లో ఒంటరి అకూస్టిక్ గిటార్ మీద సాగే బాణీ కూడా అంతే. చాలాసేపటి తర్వాత 'ద స్పిరిట్ క్యారీస్ ఆన్'లో తిరిగొస్తుంది, ఈసారి బృందగానంతో. మొదట అది హిప్నాసిస్‌లోకి జారుకుంటున్న మనిషి పాట. తర్వాత చావు భయం పోయిన మనిషి పాట. స్వరాలు అవే, అర్థం మారింది.

మాటల్ని పూర్తిగా నమ్మడానికీ లేదు. 'బియాండ్ దిస్ లైఫ్'లో వినిపించేది హత్య గురించిన పత్రికా వార్త. జూలియన్ ఆమెను చంపి తానూ చచ్చిపోయాడని నమ్మిస్తుంది. ఇద్దర్నీ చంపింది ఎడ్వర్డ్ అని, వార్తలోని సాక్షి కూడా అతనేనని చివరికి గానీ బయటపడదు. నికొలస్, విక్టోరియా, అన్నదమ్ములు, ఆఖరికి పత్రిక కూడా గాయకుడు జేమ్స్ లాబ్రీ గొంతులోనే పలుకుతాయి, హరికథలో పాత్రలన్నీ దాసుగారే అయినట్టు. ఎవరు మాట్లాడుతున్నారో గొంతు మోపే బరువును బట్టి, వెనకాల సంగీతాన్ని బట్టి పోల్చుకోవాలి.

అపోహ: మెటల్ అంటే అరుపులే.

వాస్తవం: ఈ ఆల్బమ్ మొత్తంలో గొంతు చించుకుని గర్జించే పాట ఒక్కటీ లేదు. 'త్రూ హర్ ఐస్' పియానోతో నెమ్మదిగా నడిచే పాట.

అపోహ: క్షణక్షణం తాళం మార్చడం కేవలం ప్రతాపం చూపించుకోవడానికే.

వాస్తవం: అలా చేసేవాళ్లు లేకపోలేదు. కానీ ఈ ఆల్బమ్‌ను ఆ గాటన కట్టడం అన్యాయం. అందరూ వేలెత్తి చూపేది 'ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ'ని. ఆరు నిమిషాల పైచిలుకు వాద్య సంగీతం, టైమ్ సిగ్నేచర్ (తాళం లెక్క) మార్పులు వందకు పైనే. మధ్యలో కీబోర్డు వాయించే జోర్డన్ రూడెస్ ఉన్నట్టుండి ర్యాగ్‌టైమ్ అనే పాతకాలపు అమెరికన్ పియానో శైలిలోకి వెళ్లిపోతాడు. కథ నడుస్తున్న కాలం 1928 అని గుర్తుంటే అది అక్కడికి ఎందుకు వచ్చిందో అడగనక్కర్లేదు. దీనికి ముందు వచ్చే 'హోమ్'లో జూలియన్ వ్యసనం, ఎడ్వర్డ్ చేసిన ద్రోహం రెండూ బయటపడతాయి. ముగ్గురి జీవితాలూ ముడిపడిపోయాక కాలి కింద నేల నిలవకూడదు కదా. ఈ ట్రాక్ చేసే పని అది.

నా దగ్గరికి మృదంగం నేర్చుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. మిశ్రచాపులో త్యాగరాజ కృతులు విన్నవాళ్లకు ఏడు లెక్క భయపెట్టదు. 'తకిట తకదిమి' అనగానే చేతులు కదులుతాయి. ఖండచాపు ఎరిగినవాళ్లకు ఐదూ అంతే. అయితే కృతిలో ఎత్తుకున్న తాళం సాధారణంగా చివరిదాకా ఉంటుంది. ఇక్కడ ఓ లెక్కకు అలవాటు పడేలోపే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. అందుకే వాళ్లకు నేను చెప్పేది, అంకెలు వదిలేసి ముందు రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ బాణీని) నోటితో పాడుకోమని. రిఫ్ నోటికి వస్తే ఒత్తులు ఎక్కడ పడుతున్నాయో తెలుస్తుంది, కాలితో మోగించే కిక్ డ్రమ్ అక్కడ పడుతుంది. ఇక్కడి రిఫ్‌లలో కొన్ని ఇదే బ్యాండ్ 1992లో చేసిన 'మెట్రోపొలిస్ పార్ట్ 1' పాటలోవే, రూపం మార్చుకుని వచ్చాయి. ఆ పాట ముందు నేర్చుకున్నవాళ్లకు దారి సగం తెలిసినట్టే.

అపోహ: ఇంత పెద్ద కథ కాబట్టి మొదటినుంచీ పక్కా ప్రణాళిక ఉండి ఉంటుంది.

వాస్తవం: 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' ఆల్బమ్‌లోని ఆ పాట పేరుకు గిటారిస్టు జాన్ పెట్రుచీ 'పార్ట్ 1' అని సరదాకు తగిలించాడు. రెండో భాగం ఏదని అభిమానులు అడుగుతూ వచ్చారు. 1997 నాటి 'ఫాలింగ్ ఇంటు ఇన్ఫినిటీ' కోసం సుమారు 21 నిమిషాల డెమో (నమూనా రికార్డింగ్) తయారైంది కానీ ఆల్బమ్‌లోకి ఎక్కలేదు. ఆ తర్వాత పెట్రుచీ, డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ తామే నిర్మాతలుగా కూర్చుని దాన్ని ఇంత పెద్దది చేశారు. పాటలు రాసే కుర్రాళ్లకు ఇది తెలియాలి. కథ మొత్తం చేతిలో ఉంటేగానీ మొదలుపెట్టం అని చాలామంది ఆగిపోతుంటారు.

అపోహ: ముగింపు ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకోవాల్సిందే.

వాస్తవం: విక్టోరియాను చంపేముందు ఎడ్వర్డ్ ఆమెను కళ్లు తెరవమంటాడు. చివర్లో ఇంటికి చేరిన నికొలస్‌కూ అదే మాట వినిపిస్తుంది, హిప్నాసిస్ చేసినాయన గొంతులో. ఎడ్వర్డ్ మళ్లీ పుట్టింది ఆయనగానే. 2000లో న్యూయార్క్‌లో ఇచ్చిన కచేరీ డీవీడీలో ఈ సంగతి తేటతెల్లంగా చూపించారు. ఆఖర్న మిగిలే బరబర శబ్దంతోనే 2002లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ మొదలవుతుంది.

అపోహ: నచ్చిన రెండు పాటలు ప్లేలిస్టులో వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: ట్రాకులు చాలాచోట్ల ఒకదాంట్లోంచి ఒకటి పుడతాయి. యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదికి ఇంకో పాట మొదలును కలిపేసే సదుపాయం) రెండూ ఆపేయండి. మొదటిసారి లిరిక్స్ ముందు పెట్టుకోకుండా వినండి, రెండోసారి చదువుతూ వినండి. మధ్యలో ఆపాల్సి వస్తే మొదటి అంకం ముగిసే 'త్రూ హర్ ఐస్' దగ్గర ఆపండి.