తలంబ్రాలు పోసే చేతికి దువ్వెన పళ్లు ఎందుకు వచ్చాయి?

నకిరేకల్ నుండి ఒక పాఠకురాలు ప్రశ్న పంపారు. 2007లో జరిగిన తమ పెళ్లి డీవీడీని కంప్యూటర్‌లో ఎంపీ4 ఫైలుగా మార్చుకున్నారు. పంతులు గారు కూర్చున్న చోట బొమ్మ చక్కగానే ఉంది గానీ, తలంబ్రాలు పోసే చేతి అంచు మాత్రం దువ్వెన పళ్లలా చీలిపోయి కనిపిస్తోందట. కాపీ తీయడం వల్ల బొమ్మ అరిగిపోయిందా అని ఆమె అనుమానం.

కాపీ తీస్తే బొమ్మ అరుగుతుందన్న నమ్మకం వీడియో క్యాసెట్ల కాలం నాటిది. అప్పుడది నిజం కూడా. డీవీడీలో ఉన్నవి అంకెలు కనుక, అందులోని వీడియో టీఎస్ ఫోల్డరును యథాతథంగా హార్డ్‌డిస్కులోకి దించుకుంటే ఒక్క బిట్టు కూడా తరగదు. చిక్కు వచ్చేది ఆ తరువాత, డీవీడీలో ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలో ఉన్న వీడియోను ఎంపీ4 కోసం హెచ్.264 అనే మరో కుదింపు పద్ధతిలోకి మార్చేటప్పుడు.

మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతి చిత్రంలో 576 వరుసలు ఉంటాయి, సెకనుకు 25 చిత్రాలు నడుస్తాయి. అయితే ఆ కాలపు పెళ్లి కెమెరాలు సాధారణంగా ఒక చిత్రాన్ని ఒక్కసారిగా తీసేవి కావు. వరుస విడిచి వరుసగా ముందు 288 వరుసలను, సెకనులో 50వ వంతు గడిచాక మిగిలిన 288 వరుసలను పట్టేవి. ఈ సగం చిత్రాన్ని ఫీల్డు అంటారు. సెకనుకు 2 మీటర్ల వేగంతో కదిలే చెయ్యి ఆ కాస్త వ్యవధిలోనే 4 సెంటీమీటర్లు జరిగిపోతుంది. పాత గాజుతెర టీవీ ఫీల్డులను ఒకదాని వెంట ఒకటిగా చూపేది కనుక తేడా తెలిసేది కాదు. కంప్యూటర్ రెండింటినీ ఒకే చిత్రంగా కలిపి చూపితే పళ్లు బయటపడతాయి.

పోచంపల్లి మగ్గం దగ్గర నిలబడి చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చిటికి కట్టి రంగులద్దిన పేకతో నేసేటప్పుడు, ప్రతి పోగు రంగునూ ముందు పోగు రంగుతో సరిచూసుకుని వెంట్రుకవాసి అటో ఇటో జరుపుతారు. పోగు విడిచి పోగు పక్కకు జరిగితే పువ్వు అంచు రంపపు పళ్లలా అవుతుంది. ఒకే రంగు ఉన్న మేర పోగు ఎంత జరిగినా కంటికి తెలియదు. కదలకుండా కూర్చున్న పంతులు గారి బొమ్మ ఆ ఒకే రంగు మేర వంటిది, చెయ్యి పువ్వు అంచు వంటిది.

అయితే నేతలో పోగును వెనక్కి లాగి సరిచేయవచ్చు, వీడియోలో అది కుదరదు. చెయ్యి జరగడమే కాదు, వేళ్లు విచ్చుకున్నాయి, గింజలు జారాయి. అందుకే యాడిఫ్ వంటి సాధనం ఒక ఫీల్డును పడుగులా నిలిపి, లేని వరుసలను పై, కింది వరుసలనూ ముందు, వెనుక ఫీల్డులనూ పోల్చి కొత్తగా నేస్తుంది. దీనినే డీఇంటర్లేసింగ్ అంటారు. ఈ పని చేయకముందే చిత్రం ఎత్తును పెంచినా తగ్గించినా రెండు ఫీల్డుల వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇక విడదీయడం దాదాపు అసాధ్యం.

కాబట్టి ఆమె ఆ ఎంపీ4ను పక్కన పెట్టి, డిస్కు నుండే మళ్లీ మొదలుపెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేసింగ్‌కు బాబ్ అనే ఎంపికను తీసుకుంటే ప్రతి ఫీల్డు ఒక పూర్తి చిత్రమై సెకనుకు 50 వస్తాయి. ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు చిత్రాల సంఖ్యను, 25 వద్ద బిగిస్తే అందులో సగం కదలికను పారేసినట్లే. నాణ్యత అంకెను 18, 20 మధ్య ఉంచి, ముందుగా తలంబ్రాల ఘట్టం ఒక్క నిమిషం మార్చి చూడాలి. గింజలు ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వణుకుతూ పడితే ఫీల్డుల వరుస తారుమారైందని గుర్తు. ఆ క్రమాన్ని తిప్పి మళ్లీ నడిపించాలి.